డిగ్రీ ఉంటే చాలదు, అది మనదేనని ఒప్పించాలి

శివరాత్రి జాగారం కళ్ళతోనే 2025 ఫిబ్రవరి 27, గురువారం పొద్దున్నే వెళ్ళి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసి వచ్చాను. మాది గుంటూరు, అంటే కృష్ణా-గుంటూరు నియోజకవర్గం. అక్టోబరులో పడ్డ తిప్పలు మర్చిపోకముందే రాసేస్తున్నాను, కోపం చల్లారితే సగం విషయాలు వదిలేస్తాను.

తెలియని వాళ్ళకి ఒక మాట. మామూలు ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన ఈ ఓటు రాదు. ప్రతి ఎన్నికకీ జాబితా మొదటినుంచీ రాస్తారు, 2019లో వేసిన వాళ్ళు కూడా మళ్ళీ ఫారం 18 పెట్టుకోవాల్సిందే. టీచర్ల సీటుకైతే ఫారం 19. ఈసారి 2024 నవంబరు 1 నాటికి డిగ్రీ అయి మూడేళ్ళు నిండి ఉండాలన్నారు, దరఖాస్తుకి నవంబరు 6 గడువు. ఫారం నింపడం, ఫొటో, అరండల్‌పేటలో జిరాక్సులు, అన్నీ ఒక పూటలో అయిపోయాయి.

చిక్కంతా డిగ్రీ కాపీ మీద గెజిటెడ్ సంతకం దగ్గర వచ్చింది.

నాది నాగార్జున యూనివర్సిటీ బీకాం, 1996. అందులో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. ఓటరు కార్డులో, ఆధార్‌లో అత్తింటిది. మన వైపు ఆడవాళ్ళలో సగం మందికి ఇదే కథ. సంతకం కోసం వెళ్ళిన ఆఫీసు పేరు రాయను. అక్కడి గుమస్తా నా ఒరిజినల్ తీసుకుని, పైనున్న లామినేషన్‌ని గోటితో గీకి చూశాడు. తర్వాత ట్యూబ్‌లైటుకేసి ఎత్తి, దొంగనోటు చూసినట్టు చూశాడు. చూసి, నన్ను కాదు, పక్కనే నిలబడ్డ మావారిని అడిగాడు.

"సార్, ఈ సర్టిఫికెట్ మేడమ్‌దేనా?"

"ఆవిడే ఉన్నారుగా, ఆవిణ్ణే అడగండి" అన్నారు మావారు.

అయినా నా వైపు తిరగలేదు. "ఇంటిపేరు కలవట్లేదు సార్. అఫిడవిట్ పట్టుకురండి. అయినా మేడమ్ ఉద్యోగం చేయట్లేదు కదా, ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్పండి?"

వరండాలో ఉన్న వాళ్ళంతా నావైపు చూశారు. డిగ్రీ చదివింది నేను, పరీక్షలు రాసింది నేను, అది నాదేనని చెప్పడానికి మాత్రం మావారి నోరు కావాలట! కోర్టు దగ్గర నోటరీతో అఫిడవిట్ రాయించి తీసుకెళ్తే ఆఫీసర్‌గారు మీటింగులో ఉన్నారన్నాడు. తర్వాత వెళ్తే అఫిడవిట్ చాలదు, పేరు మార్పు గెజిట్‌లో వేయించుకుని రమ్మన్నాడు. గడువు లోపల గెజిట్ ఎక్కడ అవుతుంది? ఆ రాత్రి అన్నం సహించలేదు.

అదే వరండాలో పార్టీ కండువా అబ్బాయి ఒకడు కట్టలు కట్టలు ఫారాలు పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. అలా ఒక్కడే గుత్తగా తెచ్చే ఫారాలు తీసుకోకూడదని ఎన్నికల సంఘం నియమం. ఒకే ఇంట్లో వాళ్ళవైతే ఒకరు ఇవ్వచ్చు, కాలేజీలాంటి చోట్ల సిబ్బందివి సంస్థ పెద్ద పంపవచ్చు. ఆ అబ్బాయికి ఆ వరండా ఎంత మంది బంధువులున్న ఇల్లో నాకైతే అర్థం కాలేదు.

చివరికి మా ఆడపడుచు సలహా మీద ఇంకో ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఆడ ఆఫీసరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో నాన్న పేరు, పెళ్ళి సర్టిఫికెట్‌లో నాన్న పేరు, మావారి పేరు, ఓటరు కార్డులో మావారి పేరు. మూడూ వరసగా పెట్టి చూసి, "నాదీ ఇదే తలనొప్పండీ" అని నవ్వి సంతకం పెట్టేశారు. స్టాంపు కూడా ఆవిడే వేశారు. కాబట్టి చెప్పేదేంటంటే, పెళ్ళైన ఆడవాళ్ళు పెళ్ళి సర్టిఫికెట్ కాపీ ముందే కలిపి పట్టుకెళ్ళండి. ఫారం మీ చేత్తో మీరే ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. కండువాల చేతిలో మాత్రం పెట్టకండి. మా అపార్ట్‌మెంట్లో ముగ్గురు ఆడవాళ్ళ చేత నేనే దగ్గరుండి పెట్టించాను, ముగ్గురి పేర్లూ జాబితాలో వచ్చాయి.

ఇంత కష్టపడేది ఎలాంటి సభకో కూడా చెప్పుకోవాలి. మన శాసన మండలి 1985లో రద్దయింది, 2007లో తిరిగొచ్చింది, 2020లో మళ్ళీ రద్దు చేయమని అసెంబ్లీ తీర్మానం చేసింది, మరుసటి ఏడాది ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. 58 మంది సభలో పట్టభద్రులు ఎన్నుకునేది ఐదుగురిని. ఎమ్మెల్యేలు ఎన్నుకునేది 20 మందిని, వాళ్ళ చదువు మాత్రం ఎవరూ లైటుకేసి ఎత్తి చూడరు.

పోలింగ్ మాత్రం హాయిగా జరిగింది. ఈవీఎం ఉండదు, కాగితం బ్యాలెట్. పార్టీ గుర్తులు ఉండవు, పేరూ ఫొటోనే. పాతిక మంది అభ్యర్థులు కావడంతో కాగితం పొడుగ్గా ఉంది. వాళ్ళిచ్చిన వంగపండు రంగు స్కెచ్ పెన్నుతోనే మనకి నచ్చిన వరసలో 1, 2, 3 అని అంకెలు వేయాలి. సొంత పెన్ను వాడినా, టిక్కు పెట్టినా ఓటు చెల్లదు. 1 తప్పనిసరి, మిగతావి మన ఇష్టం. నేను 3 దాకా వేశాను. ఎవరికన్నది మావారికి కూడా చెప్పలేదు, ఆయనా అడగలేదు.

లెక్కింపు మార్చి 3, సోమవారం ఇక్కడే ఏసీ కాలేజీలో పెట్టారు. చెల్లిన ఓట్లలో సగం దాటితేనే గెలిచినట్టు. మొదటి ప్రాధాన్యంతో తేలకపోతే అడుగున ఉన్న వాళ్ళని తీసేస్తూ వాళ్ళ రెండో ప్రాధాన్యాలు పంచుకుంటూ పోతారు. ఎవరు గెలిచినా ఈ జాబితా ఇంతటితో సరి, ఆరేళ్ళకి మళ్ళీ ఫారం 18. అఫిడవిట్‌తో సహా కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి, మీద నా పుట్టింటి ఇంటిపేరుతో రాసుకున్నాను.