ఎవరి పాట ఎవరు వెతుక్కోవాలి

ఈసారి ఉగాది వేడుకలో కీర్తన పాడనని మా అబ్బాయి ఖండితంగా చెప్పాడు. బిడియమో బద్ధకమో అని సరిపెట్టుకునే వీలు కూడా ఇవ్వకుండా, "రిచర్డ్ థాంప్సన్‌కి ఆ పాత పాటలు వాళ్ళమ్మ కూర్చోబెట్టి నేర్పిందా అమ్మా? వాళ్ళే వెళ్ళి వెతుక్కున్నారని నువ్వే చెప్పావు కదా" అన్నాడు. థాంప్సన్ ఇంగ్లండు గాయకుడు, గిటారు వాద్యకారుడు; ఆ పాత పాటలంటే కథను పాటగా చెప్పే అక్కడి జానపద గాథలు. ఆయన కచేరీకి పట్టుబట్టి తీసుకువెళ్ళినదాన్నీ, దారి పొడవునా ఆ కథంతా చెప్పినదాన్నీ నేనే కాబట్టి వెంటనే మాట తోచలేదు.

ఇంగ్లండు వచ్చిన కొత్తలో రేడియోలో విన్నప్పటి నుంచి థాంప్సన్ అంటే నాకు అభిమానం. 1949లో లండన్‌లో పుట్టిన మనిషి, డెబ్బై అయిదేళ్ళు దాటినా, నల్లటి బెరే టోపీ పెట్టుకుని ఒక్క గిటారుతో రంగస్థలం మీద నిలబడితే పక్కవాద్యం కావాలని ఎవరికీ అనిపించదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మీటుపలక (పిక్) పట్టుకుని కింది స్థాయి తీగల మీద తాళం నడిపిస్తూ, మిగిలిన వేళ్ళతో పై తీగల మీద రాగం పలికిస్తాడు. కళ్ళు మూసుకుని వింటే ఇద్దరు వాయిస్తున్నారనే అనుకుంటాం. గిటారు నేర్చుకుంటున్న మావాడు ముందుకు వంగి, ఆయన కుడిచేతి మీది నుంచి చూపు తిప్పలేదు. 1952 నాటి విన్సెంట్ మోటారు సైకిలు మీద ఆయన కట్టిన పాట వచ్చింది. చావుబతుకుల మధ్య ఉన్న జేమ్స్ అనే కుర్రవాడు ఆ బండి తాళంచెవిని మోలీ చేతిలో పెట్టే ఘట్టం దగ్గర హాలంతా ఊపిరి బిగబట్టింది. అది వందల ఏళ్ళ నాటి పాట అని మావాడు అనుకున్నాడు. 1991లో వచ్చిందనీ, ఆ బండి తయారైంది మేము తరచూ కారులో దాటిపోయే స్టీవెనేజ్‌లోనేననీ చెబితే నమ్మలేకపోయాడు. పాత గాథల కట్టుబడి అంతగా ఒంటబట్టిన మనిషి కాబట్టే మోటారు సైకిలు మీద కూడా గాథ కట్టగలిగాడని నా నమ్మకం.

అది ఒంటబట్టిన తీరే మావాడి వాదనకు బలం. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం 1967లో మొదలైనప్పుడు అందులో ఉన్న థాంప్సన్‌కు పద్దెనిమిదేళ్ళు. అప్పట్లో వాళ్ళు ఎక్కువగా అమెరికా పాటలే పాడేవారు. 1969 మే నెలలో కచేరీ ముగించుకుని తిరిగి వస్తుండగా వాళ్ళ వ్యాను ప్రమాదానికి గురై, డ్రమ్ములు వాయించే మార్టిన్ లాంబుల్ చనిపోయాడు. ఆ దుఃఖంలో, పాత దారిలో ఇక నడవలేక, హాంప్‌షైర్ పల్లెలో ఒక ఇంట్లో చేరి తమ నేల పాటల వైపు తిరిగారు. బృందంలోని ఆష్లీ హచింగ్స్ లండన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్ అనే జానపద కళల కేంద్రం గ్రంథాలయంలో గాథలు వెతికాడు. శాండీ డెన్నీ గొంతుకు, డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలుకు థాంప్సన్ ఎలక్ట్రిక్ గిటారు తోడైంది. మాయారాణి చెరలో ఉన్న టామ్ లిన్ రకరకాల మృగాలుగా మారిపోతున్నా వదలకుండా పట్టుకుని, జానెట్ అతణ్ణి విడిపించుకున్న గాథ అలా కొత్త తరానికి చేరింది. అది వింటే నాకు ఎప్పుడూ మాయల ఫకీరు చెరలోని బాలనాగమ్మే గుర్తుకు వస్తుంది.

మాది గుంటూరు జిల్లా. బుర్రకథ నాజర్ గారి జిల్లా. నా చిన్నతనంలో సంక్రాంతికి మా ఊళ్ళో బుర్రకథ పెట్టించేవారు. భుజాన తంబురాతో కథకుడు, చెరొక పక్క గుమ్మెటలతో వంతలు, మంచు కురుస్తున్నా కదలని జనం. అంత ఇష్టంగా విన్నా అందులోని ఒక్క చరణమూ నాకు రాదు. పిల్లవాడికి నేర్పవలసింది కీర్తనే అని మాత్రం, ఎవరూ చెప్పకుండానే నిశ్చయించుకున్నాను. పాత పాటలకు కరెంటు గిటారు తగిలించిన ఇరవై ఏళ్ళ వాళ్ళను మెచ్చుకునే నేను, మావాడు కీర్తన వరుసను తన గిటారు మీద తనకు తోచినట్టు సాగదీస్తే, గమకం అది కాదని వెంటనే ఆపుతాను. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవని నాకు తెలుసు. అయినా ఆపకుండా ఉండలేను.

పట్టు సడలించమని తోటి తల్లులకు సలహా ఇద్దామని ఇది రాయడం మొదలుపెట్టాను. కానీ ఆ కుర్రవాళ్ళు గ్రంథాలయానికి వెళ్ళినప్పుడు, పుస్తకం తెరిస్తే చదవగలిగే భాష వాళ్ళ నోట్లో పుట్టుకతోనే ఉంది. మావాడు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. వాడికి వచ్చిన తెలుగులో సగం ఆ కీర్తనల మాటలే. కాబట్టి వేదిక మీద పాడనక్కరలేదని ఒప్పుకున్నాను, శనివారం కీర్తన పాఠం మాత్రం మానలేదు. వచ్చే వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు బుర్రకథ చెప్పేవాళ్ళ దగ్గరకు వాణ్ణి తీసుకువెళ్ళాలని ఉంది. నేను వేలు పట్టుకుని తీసుకువెళితే అది మళ్ళీ నా వెతుకులాటే అవుతుందేమో. తీసుకువెళ్ళకపోతే, అటువంటిది ఒకటి ఉందని వాడికి ఎవరు చెబుతారో నాకు తోచడం లేదు.