అప్పురం మేడం వాపు పరీక్ష

మా కాలేజీ పూర్వ విద్యార్థుల సంచిక కమిటీవాళ్లు "రెండు పేజీలు, ఒక ఫొటో, పాత జ్ఞాపకాలు ఏవైనా సరే" అన్నారు. మెస్ పొంగలి, నీలం బకెట్, ఆదివారం టీ నగర్ పర్మిషన్ల గురించి గూడూరు బ్యాచ్ ఎలాగూ రాస్తుంది. మొదటి ఏడాది గుర్తుపెట్టుకునేంత గొప్పగా ఏమీ లేదు, చివరి ఏడాది ఎవరికీ ఊపిరి సలపలేదు. మధ్యలో మిగిలింది మా టీచర్ అప్పురం మేడం. (తమిళంలో 'అప్పురం?' అంటే 'తర్వాత?' అని; ఆవిడ మాట అదే.) ఇప్పుడు ఇదే చెన్నైలో ఒక నర్సింగ్ కాలేజీకి పాఠ్యపుస్తకాలు ఎంపిక చేసే బల్ల దగ్గర నాకూ ఒక కుర్చీ వేశారు. కొత్త పాథోఫిజియాలజీ (జబ్బు ఒంట్లో ఎలా, ఎందుకు వస్తుందో చెప్పే శాస్త్రం) పుస్తకం వచ్చిన ప్రతిసారీ ఆవిడ పద్ధతినే బయటికి తీస్తున్నాను.

మేడం ఏ పుస్తకాన్నీ ముందునుంచి తెరవనిచ్చేవారు కాదు. ముందుమాట అమ్మేవాడిది, ఇండెక్స్ చదివేవాడిది అనేవారు. వెనక్కి తిప్పి 'ఎడీమా' (నీటి వాపు) చూడాలి. వాపు ఒకటే, దానికి దారులు ఐదు: కేశనాళికలో ఒత్తిడి పెరగడం, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గడం, నాళం గోడ కారడం, కణజాలంలోని నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే లింఫ్ దారి మూసుకుపోవడం, కిడ్నీ సోడియాన్ని వదలకపోవడం. గుండె, కాలేయం, కిడ్నీ, ఫైలేరియా... ఏ అధ్యాయంలో వాపు కనిపించినా ఈ ఐదింటిలో ఏ దారిన వచ్చిందో పుస్తకం చెప్పాలి, మొదట వివరించిన పేజీకి ముడిపెట్టాలి. 'లక్షణాలు: వాపు, ఆయాసం, నీరసం' అని జాబితా వేసి చేతులు దులుపుకుంటే ఆ పుస్తకం అక్కడితో సరి.

తర్వాత నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు పేజీ. మూత్రంలో రోజుకు 3.5 గ్రాములకు మించి ప్రొటీన్ పోతుంది, ఆల్బుమిన్ పడిపోతుంది, నీరు నాళాలు దాటుతుంది. ఇంతవరకు అందరూ రాస్తారు. "అప్పురం?" అని ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసేది సరిగ్గా ఇక్కడే. జబ్బు పడిన కిడ్నీ తానే సోడియాన్ని పట్టి ఉంచుతుందన్న వాక్యం ఉందా? అది లేకపోతే ఉప్పు ఎందుకు తగ్గించమంటారో, మూత్రం ఎక్కువ పోయించే ఫ్యూరోసెమైడ్ ఎందుకు ఇస్తారో పిల్లలకు అర్థం కాదు. ఆల్బుమిన్ ఎక్కిస్తే వాపు దిగిపోతుందనుకుంటారు.

ఇంకో అడుగు. నెఫ్రోటిక్ ఉన్న పిల్లాడికి పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బుతుంది, గుండె రోగికి సాయంత్రానికి చీలమండలు ఉబ్బుతాయి. కళ్ల చుట్టూ కణజాలం వదులు కాబట్టి రాత్రి పడుకున్నప్పుడు నీరు అక్కడ చేరుతుంది; పగలంతా నిలబడితే కిందికి దిగుతుంది. మరి గుండె రోగి మంచం మీదే ఉంటే? చీలమండలు చూసి 'వాపు లేదు' అని చార్టులో రాసేస్తారు, నీరేమో నడుము కింద త్రికాస్థి మీద ఉంటుంది. పక్కకు తిప్పి అక్కడ వేలితో నొక్కి చూడమని చెప్పని పుస్తకం నర్సింగ్‌కు పనికిరాదు, ఎన్ని రంగుల బొమ్మలున్నా సరే. ఫైలేరియా ముదిరిన కాలు నొక్కితే గుంట ఎందుకు పడదో కూడా రాయాలి: నిలిచిన నీటిలో ప్రొటీన్ చేరి, కణజాలం గట్టిపడుతుంది. విదేశీ పుస్తకాలు లింఫ్ వాపు అనగానే రొమ్ము ఆపరేషన్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగుతాయి.

ఎడీమాలోనే, కేశనాళికలోంచి నీరు ఎటు వెళ్తుందో చూపించే స్టార్లింగ్ బొమ్మ ఉంటుంది. నీటిని బయటికి నెట్టే ఒత్తిడి ధమని చివర 35, సిర చివర 15, ప్రొటీన్లు లోపలికి లాగేది 25 మిల్లీమీటర్లు (పాదరసం). ఒక చివర బయటికి, రెండో చివర లోపలికి. మనం పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకున్న బొమ్మే. ఇప్పుడు దానికి సవరణ ఉంది. నాళం లోపలి గోడను అంటిపెట్టుకుని గ్లైకోకేలిక్స్ అనే పొర ఉంటుంది. చాలా కణజాలాల్లో బయటికెళ్లిన నీరు సిర చివర తిరిగి రాదు, లింఫ్ దారినే వస్తుంది. సెలైన్ బదులు ఆల్బుమిన్ ఎక్కించినా నీరు అనుకున్నంతగా లోపలికి రాదెందుకో దీంతోనే తెలుస్తుంది. కొత్త ఎడిషన్ అని అట్టమీద వేసి, లోపల ఈ మాట లేకపోతే మారింది అట్ట ఒక్కటే.

షాక్ (అవయవాలకు రక్తం చాలని స్థితి) అధ్యాయంలో నేను చూసేది ఒకే వాక్యం: బీపీ పడకముందు ఏం కనిపిస్తుంది? రక్తం 15 నుంచి 30 శాతం పోయేసరికి నాడి వేగం పెరుగుతుంది, పై బీపీకీ కింద బీపీకీ మధ్య తేడా తగ్గుతుంది. పై అంకె మాత్రం దాదాపు మామూలుగానే ఉంటుంది. నాళాలు ముడుచుకుని కింది అంకెను పైకి నెట్టడం వల్ల అలా జరుగుతుంది. రాత్రి డ్యూటీలో 110/90 చూసి 'బీపీ బాగుంది' అనుకునేది ఇది తెలియకే. మెడికోలకు షాక్ రకాలు నాలుగూ వస్తే గడుస్తుందేమో, గంటగంటకూ చార్టు రాసే మనిషికి ఈ వరస రావాలి.

ఆక్సిజన్ పేజీ ఇంకో వల. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) రోగికి ఆక్సిజన్ ఎక్కువిస్తే శ్వాస తీసుకోవాలన్న ప్రేరణ పోతుందని ఒక్క ముక్కలో తేల్చే పుస్తకాలు ఇంకా అమ్ముడుపోతున్నాయి. అసలు కథలో పెద్ద భాగం వేరు. గాలి సరిగా ఆడని చోట ముడుచుకుని ఉన్న నాళాలు ఆక్సిజన్ ఎక్కువైతే తెరుచుకుంటాయి, రక్తం వృథాగా అటు పోతుంది. పైగా హిమోగ్లోబిన్ ఆక్సిజన్ పట్టుకుంటూ కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. పాత ముక్క చదివినవాళ్లు భయపడి ఆక్సిజన్ ఆపేస్తారు. సరిగ్గా చదివినవాళ్లు ఆపరు, రక్తంలో ఆక్సిజన్‌ను 88–92 శాతం మధ్య పట్టి ఉంచుతారు.

డెంగీకి అర పేజీ ఇచ్చే పుస్తకాలతో మన ఊళ్లో పని జరగదు. జ్వరం దిగే సమయంలోనే నాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవం) కారుతుందనీ, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 20 శాతం పెరిగితే అది ప్రమాద సూచన అనీ రాయాలి. ప్లేట్‌లెట్ల లెక్క ఒక్కటే రాస్తే చుట్టాలు చూసేదాన్నే నర్సూ చూస్తుంది. బొమ్మల సంగతి: కామెర్లు, నీలిరంగు, పాలిపోవడం తెల్లచర్మం మీదే చూపిస్తే మనవాళ్లకు కనురెప్ప లోపల, నాలుక మీద ఎలా చూడాలో పక్కన రాసి ఉండాలి. ప్రశ్నలకు జవాబు పేజీలో బోల్డు అక్షరాల్లోనే దొరికితే ఆ ప్రశ్నలు దండగ.

ఇన్ని పాసైన పుస్తకం పదిహేను వందల పేజీలుంటుంది. కొత్త బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో పాథాలజీకి రెండు సెమిస్టర్లు కలిపి నలభై గంటలు. కాబట్టి లావు పుస్తకం లైబ్రరీకి, క్లాసుకు సన్నది. సన్నది ఎంచుకునేటప్పుడు వాపు పరీక్ష ఇంకా కఠినంగా పెట్టాలి, ఎందుకంటే పేజీలు తగ్గించేటప్పుడు ముందు ఎగిరిపోయేది 'ఎందుకు' అన్న వాక్యమే.

పాత పుస్తకాలు కాలేజీకి ఇస్తామని గ్రూపులో అంటున్నవాళ్లు ప్రచురణ ఏడాది చూసుకోండి. 2016 కంటే ముందుదైతే సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ఒంటినంతా దెబ్బతీయడం) పాత నిర్వచనంతో ఉంటుంది: ఇన్‌ఫెక్షన్‌తో పాటు జ్వరం, నాడి, శ్వాస, తెల్లకణాలు, నాలుగింటిలో రెండు తేడాగా ఉండటం. ఇప్పుడు చూసేది ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతిన్నాయా, అవయవాల పనితీరు కొలిచే సోఫా స్కోరు 2 పెరిగిందా అని. 2017 తర్వాతి అమెరికా పుస్తకమైతే అధిక బీపీ హద్దు 130/80. మన దగ్గర 140/90. కణం దెబ్బతినడం, గాయం మానడం అధ్యాయాలు పాతవైనా భేషుగ్గా పనికొస్తాయి, కాబట్టి పారేయకండి. సెప్సిస్ మొదటి పేజీ మీద ఏడాది పెద్ద అక్షరాలతో రాసి పంపండి. బ్లాక్ అండ్ వైట్ రీప్రింట్లు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, వాటిలో నీలిరంగూ కామెర్లూ ఒకేలా కనిపిస్తాయి.