హవానాలో మా నాన్న ప్రెస్ వాసన

మా నాన్నకి బరంపురంలో చిన్న ప్రెస్ ఉండేది. శుభలేఖలు, బిల్లు బుక్కులు, మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర వచ్చిందంటే కరపత్రాలు, సగం తెలుగులో సగం ఒడియాలో. సీసం అక్షరాలు తిరగబడి ఉంటాయి కదా, వాటిని ఆయన న్యూస్‌పేపర్ చదివినంత తేలిగ్గా చదివేసేవారు. కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషన్ అమ్మేసి చాలా ఏళ్ళయింది కానీ ఇంకూ కిరసనాయిలూ కలిసిన ఆ వాసన మాత్రం నన్ను వదల్లేదు. పోయిన చలికాలంలో, క్యూబాలో, పాత హవానాలోని ఒక సందులోకి తిరగ్గానే అదే వాసన.

టొరంటోలో ఉంటున్న మా పిన్ని కూతురు తీసుకెళ్ళింది. "అక్కా, అందరూ అక్కడికి బీచ్ కోసం వెళ్తారు, నీకు బొమ్మలు చూడాలనుందంటే బొమ్మలే చూద్దాం" అంది. అయిదు రోజులు నిజంగా బొమ్మలే చూశాం.

ఆ సందు కేథడ్రల్ ముందున్న మైదానాన్ని ఆనుకునే ఉంది. లోపల 1962లో పెట్టిన గ్రాఫిక్ వర్క్‌షాప్, అక్కడివాళ్ళు తయేర్ అంటారు. మ్యూజియం కాదు, పని జరిగే చోటు. చేతితో తిప్పే పెద్ద పెద్ద ఇనుప ప్రెస్సులు, గోడ పొడుగునా అరల్లో సున్నపురాయి పలకలు. ఒకప్పుడు చుట్టల పెట్టెల మీద అంటించే రంగురంగుల లేబుళ్ళు అచ్చువేసింది ఈ రాళ్ళతోనేట. ఇప్పుడు వాటి మీద ఈ కాలపు ఆర్టిస్టులు బొమ్మలు గీస్తున్నారు.

ఒకాయన పని చేస్తుంటే దాదాపు గంటసేపు పక్కనే నిలబడ్డాను. జిడ్డు పెన్సిల్‌తో రాయి మీద బొమ్మ గీస్తారు, జిగురూ కాస్త యాసిడూ కలిపి పూస్తారు, తర్వాత స్పాంజితో తడిపి ఇంకు రోలర్ దొర్లిస్తారు. తడి ఉన్నచోట ఇంకు పట్టదు, జిడ్డు ఉన్నచోటే పడుతుంది. అంతే కిటుకు, నూనె నీళ్ళలో కలవదన్న సంగతి మీదే మొత్తం నడుస్తుంది. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. పని అయిపోయాక ఇసుకా నీళ్ళూ పోసి రాయిని రాయితోనే రుద్ది పాత బొమ్మ చెరిపేస్తారు, మళ్ళీ కొత్త బొమ్మకి రెడీ. బొమ్మ తిరగేసి గీయాలి, అక్షరాలు కూడా. ఆయన కుడి నుంచి ఎడమకి ఒక పేరు రాస్తుంటే నాకు మా నాన్న వేళ్ళే కనపడ్డాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మధ్యలో కరెంటు పోయింది. చేతి ప్రెస్ కాబట్టి పని ఆగలేదు, గుమ్మం దగ్గరి వెలుతుర్లోకి కాగితాన్ని తెచ్చి చూసుకున్నారు. మన పూజగదుల్లో ఫ్రేములు కట్టుకున్న రవివర్మ లక్ష్మీ సరస్వతులు కూడా ఇలాంటి రాతి అచ్చులోంచి వచ్చినవాళ్ళే. రవివర్మ బొంబాయిలో ప్రెస్ పెట్టింది 1894లో. చిన్నప్పటి నుంచీ దణ్ణం పెట్టుకున్న బొమ్మ ఎలా పుట్టిందో నాకు హవానాలో తెలిసింది.

మర్నాడు నేషనల్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం. క్యూబా చిత్రకారులకి ఒక బిల్డింగు, మిగతా దేశాల వాళ్ళకి ఇంకోటి. టైమ్ తక్కువుంటే మొదటిదే చూడండి. విఫ్రెదో లామ్ 1965-66లో వేసిన 'మూడో ప్రపంచం' అక్కడుంది. లామ్ తండ్రి చైనా నుంచి వలస వచ్చినవాడు, తల్లి వైపు ఆఫ్రికా రక్తం, పారిస్‌లో పికాసో స్నేహం, 1941లో తిరిగి సొంత దేశం. ఆ ఆకారాలు మనిషో గుర్రమో కత్తో తేల్చుకోలేక నిలబడిపోయాం. రంగానికి, అంటే బర్మాకి, కూలికెళ్ళినవాళ్ళ కథలు మా గంజాం జిల్లా ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు, అందుకేనేమో ఇన్ని తీరాలు కలిసిన మనిషి వేసిన బొమ్మ నాకు పరాయిదిగా అనిపించలేదు. ఆయన 'అడవి' మాత్రం న్యూయార్క్ మ్యూజియంలో ఉంది. ఇంకో క్యూబా చిత్రకారిణి అమేలియా పెలాయెస్ బొమ్మల్లోని లావాటి నల్ల గీతలు హవానా పాత ఇళ్ళ రంగు అద్దాల కిటికీల్లోంచి వచ్చినవే, బయటికొచ్చి వీధిలో తలెత్తి చూస్తే అర్థమైపోతుంది.

పాత వంటనూనె ఫ్యాక్టరీలో 2014లో తెరిచిన ఫాబ్రికా దె ఆర్తె అనే కళాకేంద్రం చూశాం, బాగుంది, కానీ సంగీతం హోరులో బొమ్మల ముందు నిలబడటం కష్టం. హైమానితాస్ అనే పేటలో హోసే ఫుస్తెర్ అనే ఆర్టిస్టు 1975లో సొంతింటికి పింగాణీ ముక్కలు అతకడం మొదలుపెట్టి, చుట్టుపక్కల ఎనభైకి పైగా ఇళ్ళకి అతికేశాడు. అక్కడ ఒకావిడ మొజాయిక్ గోడ మీద బట్టలారేస్తోంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే, బొమ్మలో కాపురం ఉండటం.

మనకి గంట దూరంలోనో మూడు గంటల దూరంలోనో పని చేస్తున్నవాళ్ళ దగ్గరికి మనమెందుకు వెళ్ళం? పర్లాకిమిడిలో కొమ్ముని వేడిచేసి వంచి కొంగల్ని, రొయ్యల్ని తీసేవాళ్ళున్నారు. గుండ్రటి గంజపా పేకముక్కలకి రంగులు వేసేవాళ్ళున్నారు. ఆ కొంగ ఒకటి మా ఇంట్లో టీవీ పక్కన ఇరవై ఏళ్ళుగా ఉంది, దాన్ని చేసిన మనిషి గుమ్మం నేను ఒక్కసారీ తొక్కలేదు. ఈ నెలాఖరుకి వెళ్తున్నాను, బరంపురం వాళ్ళెవరైనా వస్తానంటే చెప్పండి.

తయేర్‌లో కొన్న చిన్న అచ్చు నాన్నకిచ్చాను. ఆయన బొమ్మ చూడలేదు ముందు, వెనక్కి తిప్పి వేలితో కాగితం తడిమారు. తర్వాత "రాయి ఎంత మందం ఉందమ్మా?" అన్నారు. వేళ్ళతో చూపించాను.