మామయ్యకు ఆకలి పోయింది, బిల్లు కౌంటర్ దగ్గర నా పరువు పోయింది

నిన్న పొద్దున పదిన్నరకు డిశ్చార్జ్ అన్నారు. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్ వల్ల కాదు, కాగితం మీద ఉన్న ఒక్క ఇంగ్లీషు మాట వల్ల. ఇంకా మంట చల్లారలేదు, కాబట్టి చెప్పేది కాస్త అటూ ఇటూగా ఉంటుంది, సర్దుకోండి.

మామయ్యకు 71 ఏళ్లు. ఊరు కదిరి దగ్గర. మా దగ్గరికి వచ్చి నెలన్నర అవుతోంది. మొదటి రెండు మూడు వారాలు బాగానే తిన్నారు. తర్వాత సంగటి చేస్తే సగం ముద్ద, ఆపైన పావు ముద్ద, చివరికి ఊరుబిండిలో వేలు అద్ది నాలుక్కి రాసుకుని పళ్లెం పక్కకు జరపడం. "అన్నం సయించడం లేదు మ్మా" అనేవారు, అంతే. కడుపులో నొప్పి లేదు, జ్వరం లేదు. బరువు 62 నుంచి 57కి దిగింది.

ఇంట్లో ఎవరి కారణాలు వాళ్లవి. మా ఆడబిడ్డ ఫోన్‌లో "మా నాయన ఇక్కడ రెండు ముద్దలు తినేవాడు, అక్కడ ఏం పెడతాండారో" అంది. ఆ రాగిపిండి ఆవిడ పంపిందే అని చెప్పాలనిపించింది, మింగేశాను. అత్తయ్య రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని దిష్టి తీసి, అపార్ట్‌మెంట్‌లో కట్టెల పొయ్యి లేదు కదా, పెనం మీద వేశారు. పక్క ఫ్లాట్ వాళ్లు కూడా దగ్గారు. ఒంట్లో ఉప్పు లేని మనిషికి ఉప్పుతో దిష్టి తీశామని వారం తర్వాత గానీ తెలియలేదు.

మా వీధి క్లినిక్‌లో గ్యాస్ మాత్ర, బీకాంప్లెక్స్ రాశారు. "వయసు కదా మేడమ్" అని పంపేశారు. ఐదు నిమిషాలు కూడా చూడలేదు. మా ఆయన మెడికల్ షాపులో అడిగి ఆకలి పుట్టించే సిరప్ తెచ్చారు. దాని మీద నాకు ప్రత్యేకంగా కోపం. అందులో ఉండేది సైప్రోహెప్టాడిన్, అసలు అలర్జీ మందు. ఆకలి పెంచడం దాని పక్క గుణం, నిద్రమత్తు ఇంకో పక్క గుణం. మామయ్య విషయంలో రెండోది మాత్రం బాగా పనిచేసింది. మూడు రోజులు కూర్చున్నచోటే తూగారు. పెద్దవాళ్లకు ఇది అయోమయం తెప్పిస్తుందట, ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్లకు ఒంటేలు బిగబట్టేస్తుందట. షాపువాడు అడిగింది ఒక్కటే, చిన్న సీసానా పెద్దదా అని.

నాలుగో రోజు పొద్దున మామయ్య నన్ను చూసి మా ఆడబిడ్డ పేరు పెట్టి పిలిచారు. అప్పుడు భయం వేసింది. ఇంకో పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అరగంట కూర్చుని అడిగారు. రుచి తెలుస్తోందా, మింగడానికి అడ్డం పడుతోందా, పళ్లు నొప్పా, మలబద్ధకమా, దగ్గుందా, దిగులుగా ఉంటున్నారా, ఈమధ్య కొత్త మాత్రలేమైనా మొదలుపెట్టారా. ఆకలి పోవడం జబ్బు కాదమ్మా, జబ్బు పంపే ఉత్తరం, ఎవరు పంపారో చూడాలి అన్నారు. టీబీ, థైరాయిడ్, కిడ్నీ, లివర్, డిప్రెషన్, క్యాన్సర్, మందులు, ఇన్నిట్లో ఏదైనా కావచ్చట. నేను చేసిన ఒక్క తెలివైన పని ఏమిటంటే మామయ్య రెగ్జిన్ సంచి మొత్తం పట్టుకెళ్లడం. అందులో ఆయన బెంగళూరు బయల్దేరే ముందు ఊళ్లో మార్చిన బీపీ మాత్ర స్ట్రిప్ దొరికింది. క్లోర్థాలిడోన్ అనే, ఒంటేలు ఎక్కువ పోయించే నీళ్ల మందు కలిసిన మాత్ర. మీరూ ఎక్కడికెళ్లినా సంచి మొత్తం పట్టుకెళ్లండి. "తెల్ల మాత్ర పొద్దున ఒకటి" అని చెప్తే డాక్టర్‌కి ఏం అర్థమవుతుంది?

రక్తపరీక్షకు ఇచ్చి వచ్చాం. రాత్రి తొమ్మిదింటికి ల్యాబ్ నుంచే ఫోన్. సోడియం, అంటే ఒంట్లో ఉప్పు, 117. ఉండాల్సింది 135 నుంచి 145. వెంటనే అడ్మిట్ చేయమన్నారు.

ఆ రకం నీళ్ల మాత్ర కొందరు పెద్దవాళ్లలో ఒంటేలు ద్వారా సోడియాన్ని లాగేస్తుంది. పైగా తిండి తగ్గింది, నీరసమని మేం గంటగంటకూ నీళ్లు తాగించాం, ఉన్న సోడియం ఇంకా పలచబడింది. సోడియం తగ్గితే ఆకలి చస్తుంది, ఆకలి చస్తే తిండి ఇంకా తగ్గుతుంది. ఆ మాత్ర చెడ్డదని కాదు, మా అమ్మ అదే రకం వాడుతూ శుభ్రంగా ఉంది. కానీ పెద్దవాళ్లకు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో ఒకసారి సోడియం చూసుకోవాలట. ఊళ్లో ఆ ముక్క చెప్పిన పుణ్యాత్ములు లేరు.

ఆసుపత్రిలో నాలుగు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సోడియాన్ని గబగబా ఎక్కించకూడదు, మెదడుకు దెబ్బ, రోజుకు 8 నుంచి 10 దాటనివ్వరు. అందుకని కొన్ని గంటలకోసారి రక్తం తీయడం, చుక్కచుక్కగా సెలైన్, నీళ్లు కొలిచి ఇవ్వడం. "ఊట సేర్తా ఇల్వా అజ్జా?" (అన్నం సయించట్లేదా తాతా) అని పలకరించే కన్నడ నర్సు మంచిది. మూడో రోజు సాయంత్రం మామయ్య తనంతట తనే "ఇడ్లీ ఏమన్నా ఉందా" అన్నారు. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

ఇక డిశ్చార్జ్. ఆరోగ్య బీమా పాలసీ మా ఆఫీసుది, అత్తమామలను నేనే చేర్పించాను. రెండేళ్లు మా ఆఫీసులో ఆ రెన్యూవల్స్ నేనే చూశాను, కాబట్టి నాకు రూల్స్ తెలుసునన్న ధీమా. ఒంటిగంటన్నరకు కౌంటర్ నుంచి పిలుపు. అక్కడి అమ్మాయిది చిత్తూరు వైపు తెలుగు. పక్కన వీల్‌చెయిర్‌లో మామయ్య, సూది తీసిన చోట దూది నొక్కుకుని ఉన్నారు. వెనక ఇరవై మంది. ఆ అమ్మాయి స్క్రీన్ చూస్తూ గట్టిగా అడిగింది: "పేషెంట్‌కి సైకియాట్రిక్ ప్రాబ్లమ్ ఎప్పటినుంచి మేడమ్?"

నాకు అర్థం కాలేదు. డిశ్చార్జ్ సమ్మరీలో నాలుగో లైన్లో "అనొరెక్సియా, మూడు వారాలుగా" అని ఉంది. బీమా వైపు కూర్చున్న మహానుభావులెవరో అది చూసి అనొరెక్సియా నెర్వోసా, అంటే లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు, అనుకున్నారు. ఈటింగ్ డిజార్డర్ చరిత్ర ఏమిటి, మానసిక వైద్యుడు చూశారా, డాక్టర్ సర్టిఫికెట్ పంపండి, అప్పటిదాకా అప్రూవల్ లేదు.

మామయ్య తల తిప్పి చూశారు. "నాకు పిచ్చని రాసినారా మ్మా?" అన్నారు, చాలా మెల్లగా. మనిషి ముప్పై ఏళ్లు టీచర్‌గా చేశారు. నేను అరిచాను. మా మామయ్యకు పిచ్చేంటి, మీకే పిచ్చి అని అరిచాను. ఇరవై మందీ తిరిగి చూశారు. సెక్యూరిటీ అతను రెండడుగులు ముందుకొచ్చాడు.

ఆ అరుపు గుర్తొస్తే ఇప్పుడు నాకే బాగోలేదు. ఎందుకంటే నెర్వోసా అంటే ఏమిటో నాకు దగ్గర నుంచి తెలుసు. 2011లో బీటీఎం లేఅవుట్ పీజీలో నా రూమ్మేట్ ఒక చపాతీని పదహారు ముక్కలు చేసి, ఒక్కో ముక్క నమిలి, సగం ముక్కలు టిష్యూలో చుట్టేసేది. మేం "మోడల్ గారూ" అని ఏడిపించేవాళ్లం. ఆ పిల్లకు ఆకలి వేసేది. రాత్రి నిద్రపట్టక వంటల వీడియోలు చూసేది. బరువు పెరుగుతానన్న భయం ఆకలి గొంతు నొక్కేది. మామయ్యది దానికి పూర్తిగా తిరగబడిన కథ: తినాలని ఉంది, ఆకలే లేదు. చిత్రమేమిటంటే అనొరెక్సియా అనే గ్రీకు మాటకు అర్థం ఆకలి లేకపోవడమే. 1873లో లండన్‌లో విలియం గల్ అనే డాక్టర్ దానికి నెర్వోసా తగిలించి ఆ రెండో జబ్బుకు పేరు పెట్టాడు. డాక్టర్లు ఇప్పటికీ ఆకలి లేదని రాయడానికి మొదటి మాట ఒక్కటే వాడతారు. ఫైలు చూసేవాళ్లకు తెలిసింది మాత్రం రెండోదే.

తర్వాతి ఐదు గంటలు ఒక సంతకం కోసం. డాక్టర్ ఓపీలో, తర్వాత రౌండ్స్‌లో, తర్వాత "ఇప్పుడే బయటికెళ్లారు". డ్యూటీ డాక్టర్ కుర్రాడు రాస్తే కుదరదన్నారు. చివరికి డాక్టర్ వచ్చి రెండు లైన్లు రాశారు: ఇది సోడియం తగ్గడం వల్ల వచ్చిన లక్షణం, మానసిక రుగ్మత కాదు. సంతకానికి పట్టింది పది సెకన్లు.

ఈలోపు నేను ఊరుకోలేదు. కుర్చీలో కూర్చుని ఫోన్‌లోనే మెయిల్ కొట్టాను, మా ఆఫీస్ హెచ్‌ఆర్‌ను కాపీలో పెట్టి. ఒకటి, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 21 ప్రకారం మానసిక జబ్బుకూ శరీర జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలి, కాబట్టి నెర్వోసా అయినా సరే మీకు ఆపే హక్కు ఎక్కడిది? రెండు, బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 సర్క్యులర్ ప్రకారం ఆసుపత్రి డిశ్చార్జ్ రిక్వెస్ట్ పంపిన మూడు గంటల్లో తేల్చాలి, ఆలస్యమై ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే అది మీరే కట్టాలి. సంతకం వల్ల పనైందో మెయిల్ వల్ల పనైందో గానీ ఆరూ యాభైకి అప్రూవల్ వచ్చింది. మా ఆయన సంతకమే అంటారు. నేను మెయిలే అంటాను.

మీకు ఇలాంటిది వస్తే డిశ్చార్జ్ సమ్మరీ డ్రాఫ్ట్ ముందు రోజే అడిగి చదవండి, అనొరెక్సియా అన్న మాట కనిపిస్తే "లాస్ ఆఫ్ ఆపిటైట్" అని మార్చి రాయమనండి. ఆకలి లేకపోవడం రెండు వారాలు దాటినా, బరువు దిగినా, మాట తడబడినా సిరప్ దగ్గర ఆగకండి. దిష్టి కావాలంటే తీసుకోండి, పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాక.

అడ్వాన్స్ కట్టిన 20,000 ఏడు పనిదినాల్లో వస్తుందన్నారు, చూడాలి. సోడియం 131తో ఇంటికొచ్చాం, వారం తర్వాత మళ్లీ పరీక్ష, బీపీ మాత్ర మార్చారు. రాత్రి మామయ్య సమ్మరీ కాగితం అడిగి తీసుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని నాలుగో లైన్ దగ్గర వేలు ఆపి, "దీన్ని తెలుగులో ఏమంటారు మ్మా, ఈడ రాయి" అన్నారు. మార్జిన్‌లో పెన్నుతో "ఆకలి లేకపోవడం" అని రాసిచ్చాను. రెండుసార్లు చదువుకుని, మడిచి, రెగ్జిన్ సంచిలో పెట్టుకున్నారు.