గడ్డ అనుకుంటే ఎముక కొస

ఒళ్లు కాస్త తగ్గాక ఒకరోజు స్నానం చేస్తుంటే ఛాతీ అయిపోయి పొట్ట మొదలయ్యే చోట, సరిగ్గా నడిమధ్యన, గట్టిగా ఏదో వేలికి తగిలింది. కదలదు. నొక్కితే కొద్దిగా నొప్పి. ఇంకేముంది, ఆ రాత్రి నిద్ర లేదు. అక్కడితో ఆగానా, రోజుకి ఇరవైసార్లు నొక్కి చూసుకోవడం, దాంతో నొప్పి నిజంగానే పెరగడం, నొప్పి పెరిగిందని ఇంకా టెన్షన్.

నాలుగో రోజు డాక్టర్‌కి చూపించాను. ఆయన పడుకోబెట్టి, గొంతు కింది గుంటలో వేలు పెట్టి, అక్కణ్ణుంచి నిట్టనిలువుగా కిందికి తడుముకుంటూ వచ్చి నా "గడ్డ" మీద ఆపారు. "మీ ఛాతీ ఎముకేనండీ, దాని కొస ఇది" అన్నారు. నా మొహం చూసి ఎక్స్‌రే కూడా రాశారు. రిపోర్టులో స్టెర్నమ్ (అంటే ఆ ఛాతీ ఎముకే) నార్మల్ అని చదివి హమ్మయ్య అనుకునేలోపు పక్కనే జిఫాయిడ్ ప్రామినెంట్ అని కనబడింది. మళ్లీ గుండె గుభేల్!

అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. ఆ ఎముక మూడు ముక్కలు. పైది మాన్యూబ్రియం, లాటిన్‌లో పిడి అని. మధ్య భాగానికి పాత పేరు గ్లాడియోలస్, అంటే చిన్న కత్తి. కొస జిఫాయిడ్, గ్రీకు మాట, కత్తిలాంటిది అని అర్థం. మొనను కిందికి పెట్టి వేలాడదీసిన కత్తి అన్నమాట (పేరు పెట్టినవాళ్లు ఎలాంటి కాలంలో బతికారో మరి). ఈ కొస చిన్నప్పుడు మెత్తటి మృదులాస్థి, నడివయసుకి గట్టిపడుతుంది. కొందరికి రెండుగా చీలి ఉంటుంది, కొందరికి ముందుకి వంగి ఉంటుంది. నాది వంగిన రకం, పైనున్న కొవ్వు కరిగేసరికి బయటపడింది.

అసలు తంటా అమ్మకి ఫోన్లో చెప్పడం. "రొమ్ము ఎముకమ్మా" అంటే ఆవిడకి మొదటి మాటే వినబడి కంగారుపడిపోయింది. రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు అంటాం కదా, అక్కడ ఛాతీయే, కానీ మామూలుగా ఆ మాట వింటే ముందు స్తనమే గుర్తొస్తుంది. సరే అని పుస్తకాల్లో ఉండే మాట వాడా, ఉరోస్థి అని. "ఉరి ఏంట్రా!" అంది. ఉరస్సు, అస్థి కలిస్తే ఉరోస్థి, మనోభీష్టంలో జరిగిన సంధే అని వివరించే ఓపిక నాకు లేదు. "ఎదురురొమ్ము ఎముక" అన్నాక కుదుటపడింది. నన్నడిగితే మాటల్లో ఛాతీ ఎముక అనడమే మేలు, రాతలో ఉరోస్థి బాగుంటుంది.

ఛాతీలో బరువుగా ఉండి చెమటలు పట్టినా, నొప్పి చేతికో దవడకో పాకినా నాలా నాలుగు రోజులు ఆగకండి, అది వేరే సంగతి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తర్వాత ఒకసారి సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కే పద్ధతి, నేర్పే క్లాసుకి వెళ్లాను. ఉరోస్థి కింది సగం మీద అరచేయి ఆనించి, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలన్నారు, కొస మీద మాత్రం నొక్కకూడదట. కొస ఎక్కడో పట్టుకోవడానికి పక్కవాళ్లు బొమ్మ మీద తడుముకుంటుంటే, నా చెయ్యి మాత్రం అలవాటుగా నా ఛాతీ మీదికే పోయింది.