ఓట్లకు ముందు జీవో, ఓట్ల తర్వాత ముచ్చట

ఎలక్షన్లు దగ్గరపడ్డాయంటే టీవీలో నాయకుల ఇంటర్వ్యూలు చూడటం మానేస్తాను, పేపర్లో జిల్లా పేజీ మాత్రం వదలను. టెండర్ నోటీసులు, భూసేకరణ ప్రకటనలు, ఫలానా పనికి ఇన్ని కోట్లు మంజూరు అనే చిన్న వార్తలు అందులోనే ఉంటాయి. మైకులో చెప్పినదానికి అక్కడ ఒక్క లైన్ కూడా కనిపించలేదంటే ఆ మాట వట్టి గప్పాలే అని నా లెక్క. ఏ పార్టీ అయినా సరే.

ఈ గుణం నల్లగొండోళ్లకు ఊరికే రాలేదు. 2022 మునుగోడు ఉప ఎన్నిక గుర్తుందా? కాంగ్రెస్ ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి నియోజకవర్గం బాగు కోసమే అని ఆగస్టులో రాజీనామా చేసి బీజేపీలో చేరి మళ్లీ నిలబడ్డారు. టీఆర్ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి చేతిలో పదివేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. ఏడాది తిరక్కముందే, 2023 అసెంబ్లీ ఎన్నికల ముందు, మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చి అదే సీటు గెలిచారు. ఉప ఎన్నికలో ఆయన్ని తిట్టిన పార్టీయే ఆయనకు బీఫామ్ ఇచ్చింది, పార్టీ మారితేనే అభివృద్ధి అన్న ఆయనే పాత పార్టీ తరఫున ఓట్లడిగారు. ఓటర్లు ఇవన్నీ విన్నారు, విని నవ్వుకున్నారు, తర్వాత ఎవరి లెక్క ప్రకారం వాళ్లు ఓటేశారు.

ఆ ఉప ఎన్నిక ప్రచారంలోనే అప్పటి మంత్రి కేటీఆర్, మా పార్టీని గెలిపిస్తే మునుగోడును దత్తత తీసుకుంటా అన్నారు. వినడానికి బాగుంది గానీ దత్తతకు సెక్రటేరియట్‌లో ఫైలు ఉంటుందా, బడ్జెట్లో పద్దు ఉంటుందా? మంత్రి ఒక నియోజకవర్గాన్ని దత్తత తీసుకుంటే మిగతా జిల్లాను ఎవరు సాకాలి? కానీ అదే మునుగోడులో ఇంకోటి కూడా జరిగింది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. గట్టుప్పల్‌ను మండలం చేయమని అక్కడివాళ్లు ఏళ్లతరబడి కొట్లాడారు, ఎవరూ వినలేదు. 2022 జులైలో, రాజగోపాల్ రెడ్డి రాజీనామా చేస్తారన్న వార్తలు ఊపందుకున్నాక, మండలం వచ్చేసింది. ఉపన్యాసం అక్కర్లేకుండా, పోలింగ్ కంటే ముందే.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ఎలక్షన్ టైమంతా అబద్ధాల టైమ్ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఐదేళ్లు కదలని ఫైలు కదిలేది కూడా అప్పుడే. ఓటు పడకముందు చేతికి వచ్చింది వేరు, పడ్డాక వస్తుందని చెప్పేది వేరు. మా చిన్నాయన ఈ సంగతి నాకంటే బాగా చెప్తాడు. అధికార పార్టీ పిల్లలు కరపత్రాలు పట్టుకొని వస్తే, "గెలిచినంక ఇస్తం అంటరేంది బిడ్డా, ఇప్పుడు సర్కారు మీదే గదా, ఇప్పుడే ఇయ్యుండ్రి" అంటాడు. వాళ్ల దగ్గర జవాబు ఉండదు, జర చూడు పెద్దయ్యా అనుకుంటూ పక్కింటికి పోతారు.

నీళ్ల విషయానికొస్తే మాటలకు లెక్కే లేదు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో కేసీఆర్ కర్వెన దగ్గర శంకుస్థాపన చేశారు, అంచనా 35,200 కోట్లు, ఆయకట్టు 12 లక్షల ఎకరాల పైన. 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్‌లో మోటార్ ఆన్ చేసి ప్రారంభోత్సవం జరిపారు, నవంబర్ 30న పోలింగ్. ఆ రోజు టీవీలో నీళ్లు ఎగిరిపడుతుంటే నిజంగానే ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు చెప్పాలి. కాకపోతే ఒక మోటార్ తిరగడానికీ పొలానికి తడి తగలడానికీ మధ్య కాలువలున్నాయి, ఆ పని ఇంకా మిగిలే ఉంది. "ప్రారంభం" అన్నది నిజమే, జనం అందులో "పూర్తి" అని వినాలని వాళ్ల ఆశ.

మా వైపు ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం ఇంకో కథ. దాదాపు 44 కిలోమీటర్లు, 2005లో ఒప్పందం, ఐదేళ్లలో అయిపోవాలి. అప్పటినుంచి రాష్ట్రం మారింది, ముఖ్యమంత్రులు మారారు, వచ్చిన ప్రతి ప్రభుత్వమూ ఇంకో గడువు చెప్పింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు లోపల పైకప్పు కూలి 8 మంది కార్మికులు చిక్కుకుపోయారు. గడువులు చెప్పడం ఎంత తేలికో, ఆ కొండ కింద పని చేయడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. అయినా తేదీలు చెప్పడం ఆగలేదు.

తేదీ చెప్తే నమ్ముతారు కదా, అందుకే చెప్తారు. ఇంటింటికీ నల్లా నీళ్లు ఇవ్వకపోతే ఓట్లే అడగను అని కేసీఆర్ అన్నారు. 2018లో పనులు ఇంకా నడుస్తుండగానే అసెంబ్లీ రద్దు చేసి ముందస్తు ఎన్నికలకు పోయారు. నీళ్లు తర్వాత చాలా ఊళ్లకు వచ్చాయి, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మర్రిగూడ వైపు వాళ్లకు అది చిన్న విషయం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాంగ్రెస్ 2023లో ఆరు గ్యారంటీలకు వంద రోజులు అంది. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ప్రభుత్వం వచ్చిన రెండు రోజులకే డిసెంబర్ 9న మొదలైంది, వాళ్లకే ఇస్తామన్న నెలకు 2,500 రూపాయలు మాత్రం ఆ వంద రోజుల్లో రాలేదు. 2024 లోక్‌సభ ప్రచారంలో రేవంత్ రెడ్డి రుణమాఫీ ఆగస్టు 15 లోపు అని ఏ జిల్లాకు పోతే ఆ జిల్లా దేవుడి మీద ఒట్టేశారు. మాఫీ మొదలైంది, విడతలుగా చాలామందికి అందింది, కాలేదన్న వాళ్లు బ్యాంకుల చుట్టూ తిరిగారు, ఇంకో విడత పైసలు నవంబర్ చివర్లో మహబూబ్‌నగర్ సభలో విడుదల చేశారు. దేవుళ్లను మధ్యలోకి లాగడం ఎందుకో నాకర్థం కాదు.

బీజేపీ వాళ్లదీ అంతే. 2019లో నిజామాబాద్‌లో పసుపు బోర్డు తెస్తానని ధర్మపురి అర్వింద్ బాండ్ పేపర్ మీదే రాసిచ్చారు, గెలిచిన ఐదు రోజుల్లో అని. ప్రధాని 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్‌లో ప్రకటించారు (పసుపు నిజామాబాద్‌లో, ప్రకటన పాలమూరులో!), ఎనిమిది రోజులకు ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. బోర్డు ప్రారంభమైంది 2025 జనవరిలో.

బాండ్ పేపర్ మీద రాసినా, మేనిఫెస్టోలో అచ్చేసినా ఓటరు కోర్టుకు పోయి గెలవలేడు. మేనిఫెస్టో హామీలు అవినీతి చర్య కిందికి రావని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. హామీకి పైసలు ఎక్కడినుంచి తెస్తారో స్థూలంగా చెప్పాలని 2014లో ఎన్నికల సంఘం నియమావళిలో చేర్చింది గానీ, ఆ వివరం చదివి ఓటేసినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

ఒక్కోసారి మాటే కొంప ముంచుతుంది. 2023 నవంబర్‌లో పోలింగ్‌కు ముందు రైతుబంధు పైసలు వేయడానికి ఎన్నికల సంఘం అనుమతి ఇచ్చింది, మంత్రి హరీశ్ రావు సభలో దాని గురించి చెప్పుకున్నందుకు నవంబర్ 27న వెనక్కి తీసుకుంది. నోరు మూసుకుని ఉంటే అకౌంట్లో పడేవి.

జనం మాటలు నమ్మకపోతే ఏం చేయగలరో 1996లో మా నల్లగొండే చూపించింది. తాగునీళ్ల కోసం విసిగిపోయి లోక్‌సభ సీటుకు 480 మంది నిలబడ్డారు, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ తర్వాత డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచారు. నీళ్ల కంటే ముందు వచ్చింది ఆ చట్టం.

మా ఊరి రోడ్డు సంగతి కూడా చెప్పేస్తా. దానికి రెండు పార్టీల శిలాఫలకాలు ఉన్నాయి, కొబ్బరికాయలు కొట్టిన ఫొటోలు ఉన్నాయి, తారు లేదు. ఈసారి ఎవరొచ్చినా నేనడిగేది ఒకటే: మంజూరు ఉత్తర్వు కాపీ వాట్సాప్ చేయండి, టెండర్ ఎప్పుడు పిలిచారో చెప్పండి. అధికారంలో లేనివాళ్లయితే పోయినసారి గెలిచినప్పుడు ఏం చేశారో అడుగుతా, అఫిడవిట్‌లో ఆస్తి ఎంత పెరిగిందో ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఎలాగూ దొరుకుతుంది.