కాళ్ళ మంటలు, కంట్లో కాగితం

పొద్దున చంద్రగిరి బస్సులో వదిన దిగింది, ఫైళ్ళ సంచితో సహా. అరికాళ్ళు భగభగమంటున్నాయని చూపించుకోని చోటు లేదు. ముందు షుగరన్నారు, రాలేదు. బీ12 తక్కువన్నారు, సూదులు పొడిచారు. నరాల పరీక్షలో అంతా నార్మల్. "అయితే ఈ మంట నేను కల్పించుకున్నానా?" అని ఆమె కోపం. న్యాయమైన కోపమే. కరెంటు పెట్టి చేసే ఆ పరీక్ష లావు నరాలనే పట్టుకుంటుంది. మంటనీ వేడినీ మోసే సన్న నరాలు దానికి దొరకవు. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే ఆమెకి రాత్రుళ్ళు కాస్త నిద్రయినా పట్టేది.

ఇవాళ తిరుపతిలో చూసిన డాక్టరమ్మ కాళ్ళ సంగతంతా విని, "మురుకులు మింగాలంటే నీళ్ళు కావాలా అమ్మా?" అంది. వదిన నా వంక చూసింది. సంగటి ముద్ద ముద్దకీ ఆమె చెంబెత్తడం మా ఇంట్లో అందరం చూసిందే. ఊరిబిండి కారానికి తట్టుకోలేదని ఎగతాళి చేసేవాళ్ళం.

తర్వాత కంటి పరీక్ష. గీతలున్న సన్నటి కాగితపు ముక్క కొస వంచి కింది రెప్పకి తగిలించారు. 5 నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండాలి. తడి 5 మిల్లీమీటర్లు దాటకపోతే కన్ను ఎండిపోయినట్టు. వదినది మూడో గీత దగ్గరే ఆగింది. "మీ అన్నతో ఇన్నేళ్ళ కాపురం తర్వాత కన్నీళ్ళు ఇంకేం మిగుల్తాయి" అంది. నర్సుకి నవ్వాగలేదు.

అనుమానం షోగ్రెన్ జబ్బు మీద. 1933లో హెన్రిక్ షోగ్రెన్ అనే స్వీడన్ కంటి డాక్టరు వివరంగా రాసింది దీని గురించే. ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ వ్యవస్థే లాలాజలం, కన్నీళ్ళు ఊరే గ్రంథుల మీద పడుతుంది. ఎక్కువగా ఆడవాళ్ళకే. కొందరిలో నరాలనీ వదలదు, ఒక్కోసారి నోరు ఎండకముందే కాళ్ళ మంటలు గానీ ముఖం తిమ్మిరి గానీ మొదలవుతాయి.

ఈ జబ్బున్న చాలామంది రక్తంలో కనిపించే యాంటీ-రో అనే యాంటీబాడీ ఉందేమో చూసే పరీక్షకి రక్తమిచ్చాం. అందులో తేలకపోతే కింది పెదవి లోపలినుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. అప్పటిదాకా ఏదీ ఖాయం కాదు.

రాత్రి కూర్చుని మంటలు, కళ్ళు, నోరు, వరసగా పుచ్చిపోయిన పళ్ళు, అన్నీ తేదీలవారీగా ఒకే కాగితం మీద రాశాను. పంటి డాక్టరు చీటీలు ఊళ్ళో బీరువాలో ఉన్నాయట. ఫోటోలు తీసి పంపమని అన్నయ్యకి ఫోన్ చేశాను.